వేరు మీద నేరం

చేదయ్య అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. మందు దినుసుల గిడ్డంగిలో మేస్త్రీ దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అందరికీ ఆయన చేదయ్యే. కట్టుకున్న పెళ్ళాం కూడా కోపం వచ్చినప్పుడు మనసులో ఆ పేరే అనుకునేది. మనకూ చేదయ్య చాలు. ఆవిడకేమో వాళ్ళక్క చిన్నప్పుడే వసపిట్ట అని పేరు పెట్టింది. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ కళ్ళు మూసేదాకా నోటికి విరామం ఉండేది కాదు మరి. ఈ వసపిట్టను ఆ చేదయ్యకు ముడిపెట్టిన మహానుభావులెవరో గానీ వాళ్ళకో దణ్ణం.

గిడ్డంగికి వేర్లూ, బెరళ్ళూ, గింజలూ గోనెల్లో వచ్చేవి. సరుకు మంచిదని తేలితేగానీ గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు. మేడ మీద ప్రయోగశాల ఉంది, అందులో తెల్లకోటు అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి గాజు పలక మీద చుక్కలు పెట్టి, ఏ వేరులో ఏ మందు ఎంత పాలుందో తేల్చి చెబుతుంది. కానీ అది తేలేసరికి సాయంత్రమవుతుంది. లారీవాడు అంతసేపు ఆగుతాడా? అందుకని గేటు పక్కన ఒక స్టూలు, స్టూలు మీద చేదయ్య, చేతిలో చిన్న కత్తి, పక్కన చెంబుతో నీళ్ళు. గోనె మూతి దగ్గర మంచి సరుకు పరిచి అడుగున చెత్త కుక్కడం అమ్మేవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. అంచేత ఆయన మోచేతి దాకా చెయ్యి దూర్చి, గోనె నడుమ నుంచి ఒక వేరు లాగేవాడు. పైతోలు గీరి, గోరంత ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలేవాడు. తల ఊపితే గోనె లోపలికి, అడ్డంగా తిప్పితే వెనక్కి. అప్పుడప్పుడూ తప్పేవాడు కూడా. అలాంటప్పుడు సాయంత్రం తెల్లకోటు అమ్మాయి మాటే నెగ్గేది, చేదయ్య ఏమీ అనుకునేవాడు కాదు.

ఎక్కువగా వచ్చేది ఒకే కుటుంబం మొక్కల సరుకు. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, కొడిశపాల, సర్పగంధి. పైకి పోలిక లేనట్టే ఉంటాయి గానీ చాలావాటికి ఆకు తుంచితే పాలు కారతాయి, పువ్వు రేకులు గాలిపంకా రెక్కల్లా ఒకే వైపు మెలితిరిగి ఉంటాయి. కుటుంబమన్నాక అన్ని రకాలవాళ్ళూ ఉంటారు కదా. గన్నేరు గుండెను పట్టుకుందంటే వదలదు, పశువు కూడా దాని జోలికి పోదు. కొడిశపాల బెరడు జిగట విరేచనాలకు మందు. ఎవరూ నీళ్ళు పోయకపోయినా గోడవార పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన మందు, రక్తపు కేన్సరు వచ్చిన పసిపిల్లల ప్రాణాలు నిలబెడుతుంది. సర్పగంధి వేరు రక్తపోటును దించుతుంది, మతి చెదిరినవాళ్ళను శాంతపరుస్తుంది. గన్నేరు విషం సంగతి వేరట గానీ, మిగిలినవాటి సత్తువంతా ఆల్కలాయిడ్లనే పదార్థాల్లోనే ఉందనీ, ఆ చేదు వాటిదేననీ తెల్లకోటు అమ్మాయి ఒకసారి చెప్పింది. తనను నమిలేవాళ్ళను తరిమికొట్టడానికి మొక్క తయారు చేసుకున్న సరుకట అది. పురుగులన్నీ పారిపోయాయి, చేదయ్య ఒక్కడే మిగిలాడు.

గన్నేరును నోట పెట్టేంత వెర్రివాడు కాదు ఆయన. దాన్ని చేత్తో విరిచి చూసి పంపేసేవాడు. మిగిలినవన్నీ నాలుక మీదికే. ఈ పని చేసేవాళ్ళు ఎక్కడైనా నమిలి ఉమ్మేస్తారు. ఆయనకు పని నేర్పిన ముసలాయన పద్ధతి వేరు. ముఖ్యంగా సర్పగంధి విషయంలో ఉమ్మడమంటే ఆ ముసలాయనకు ఒళ్ళు మండేది. నాలుక మీద అన్ని వేర్లూ చేదే, గొంతు దిగాక ఆ చేదు ఎంతసేపు నిలుస్తుందన్నదే అసలు పరీక్ష అని ఆయన నమ్మకం. చేదయ్య ఆ మాట తలకెక్కించుకున్నాడు. గోనె గోనెకూ ఒక ముక్క, ముక్క ముక్కకూ ఒక గుటక. పని మొదలుపెట్టిన నాటి నుంచి జుట్టు నెరిసేదాకా అదే వరస.

ఆయన స్టూలెక్కిందీ, వసపిట్ట మెడలో పుస్తె పడిందీ ఒకే నెలలో. ఆవిడ కొంప ముంచింది ఈ సంగతే.

పెళ్ళికి ముందు ఆయన నవ్వులమారి అని వాళ్ళ వీధంతా చెప్పుకునేది. పెళ్ళయిన తర్వాత కొద్ది రోజులకే ఆ మొహం మీద దీపం ఆరిపోయింది. అలాగని కాపురంలో ఏ లోటూ చెయ్యలేదు. గట్టిగా ఒక మాట అన్నది లేదు, ఇంటికి ఆలస్యంగా వచ్చింది లేదు. కూరలు తరిగిచ్చేవాడు, నీళ్ళు పట్టేవాడు, ఆవిడకు జ్వరం వస్తే మంచం దగ్గర నుంచి కదిలేవాడు కాదు. ఎటొచ్చీ నవ్వేవాడు కాదు. భోజనం ముందు కూర్చుని కంచంలోకి చూస్తూ ఉండిపోయేవాడు, ఎవరో పిలిస్తే ఎక్కడి నుంచో తిరిగొచ్చినట్టు ఉలిక్కిపడి చూసేవాడు. ఎప్పుడూ ముక్కు దిబ్బడ, నోటితోనే ఊపిరి. కూర్చున్నవాడు లేవాలంటే గోడ పట్టుకోవాలి. నిద్రలో మూలిగేవాడు. పిల్లలు లేరు. ఆ దిగులేమో అనుకుందామంటే, పిల్లల ఊసు రాకముందే ఆ మొహం అలా అయిపోయింది.

వాళ్ళత్తగారు ఒకే మాటలో తేల్చేసింది.

"నువ్వొచ్చాకే నా కొడుకు నవ్వు మర్చిపోయాడు."

వంటగదిలో, కొడుకు లేని సమయం చూసి అంది. తిట్టినట్టు కూడా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అంది. అదే వసపిట్ట గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఆ తర్వాత అత్తగారి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ ముసలమ్మ ఏదో ఒక వంకన ఆ మాట తెచ్చేది. ఎదురు చెప్పడానికి వసపిట్ట దగ్గర ఏముంది? తను రాకముందు నవ్వాడు, వచ్చాక మానేశాడు. తనకే అలా అనిపిస్తుంటే అత్తగారినని ఏం లాభం? ముక్కు దిబ్బడ ఒక్కటీ తన వల్ల కాదనుకుంది గానీ, మిగతాదంతా తన నెత్తినే వేసుకుంది.

ఆవిడ మాత్రం ఊరుకుందా? ఆయన్ను నవ్వించడానికి చెయ్యని కోతి చేష్ట లేదు. ఎదురింటి దర్జీ నడకను ఇంటి మధ్యలో నడిచి చూపించేది. నీళ్ళ పంపు దగ్గర జరిగిన తగువును ఇద్దరి గొంతులతోనూ వినిపించేది. ఆయన అంతా శ్రద్ధగా విని "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" విన్నప్పుడల్లా ఆవిడకు గోడకేసి తల బాదుకోవాలనిపించేది. ఇంకొకరినైతే నవ్వించగలను, ఇంకొకతె అయితే ఈయన్ను నవ్వించగలదు, ఇద్దరికీ కలిసే కుదరలేదు అనుకుని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఇంకో కబురు ఎత్తుకునేది.

జీవితం అలాగే తెల్లారిపోయేదే. ఒకరోజు గేటు దగ్గర చేదయ్య స్టూలు మీద నుంచి లేచి, లేచినవాడు లేచినట్టే కింద పడిపోయాడు. మేస్త్రీ ఆటోలో వేసుకుని వీధి చివర ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కబురు విని వసపిట్ట చేతి పని చేతిలోనే వదిలేసి పరుగెత్తింది.

డాక్టరమ్మ ఆయన అవస్థలన్నీ విని, రక్తపోటు ఒకసారి చూసి, నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది.

"ప్రెషరు మాత్రలు ఏమైనా వాడుతున్నారా?"

"లేదండి" అన్నాడు చేదయ్య.

"మరి ఇంత తక్కువుందేంటి? ఏం పని చేస్తారు మీరు?"

చెప్పాడు. ఏ వేర్లు అని అడిగింది. వరసగా చెప్పుకొచ్చాడు. సర్పగంధి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"నమిలి ఉమ్మేస్తారా, మింగుతారా?"

"మింగుతానండి. మింగితేనే కదా తెలిసేది."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, నెమ్మదిగా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది. "ఆ వేరులో రెసర్పిన్ అని ఒకటుందండి. ఒకప్పుడు ప్రెషరుకి దాన్నే ఎక్కువగా ఇచ్చేవాళ్ళు. మన నరాలు ఒకదానికొకటి కబురు పంపుకోడానికి కొన్ని రసాయనాలు వాడతాయి. వాటిని చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి. ఈ రెసర్పిన్ ఆ సంచుల్ని నిండనివ్వదు. బిగుసుకోమనే కబురు రక్తనాళాలకి అందదు, ప్రెషరు దిగిపోతుంది. ముక్కు దిబ్బడ, పీడకలలు, లేస్తే కళ్ళు తిరగడం, మీరు చెప్పినవన్నీ దాని పనులే. మాత్రకైతే ఒక మోతాదుంటుంది. మీరు ఎంత మింగారో ఎవరికి తెలుసు?"

"ఆయన నోటికి చేదు తప్ప ఇంకోటి తెలీదండి" అంది వసపిట్ట.

"మనసెలా ఉంటుంది? దిగులుగా ఉంటుందా?"

చేదయ్య భుజాలు ఎగరేశాడు. వసపిట్ట లేచి నిలబడింది. "ఉంటుందా అని అడుగుతారేంటండీ. పెళ్ళయిన కాణ్ణించీ ఆ మొహం మీద నవ్వన్నది చూడలేదు నేను. ఏం, అదీ ఆ వేరు పనేనా?"

"కొంతమందికి దిగులు కూడా తెస్తుంది. ఆ మందు వాడకం తగ్గిపోడానికి అదీ ఒక కారణం."

"అంటే నా వల్ల కాదా?"

డాక్టరమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. వసపిట్టకు జవాబు అక్కర్లేదు. కుర్చీలో కూలబడి, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా బావురుమంది. డాక్టరమ్మ ఆ తర్వాత కూడా చాలా చెప్పింది. దిగులుకి కారణాలు చాలా ఉంటాయనీ, వేరొక్కటే అని తేల్చలేమనీ, మానేసి చూద్దామనీ, మనసు తేలిక పడకపోతే తప్పకుండా మళ్ళీ వచ్చి కనపడమనీ చెప్పింది. ఇదంతా వసపిట్ట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసింది.

సాయంత్రానికల్లా పక్క వీధిలో ఉన్న అక్కకు కబురు చేరింది. మర్నాటికి ఎదురింటి దర్జీకి కూడా రెసర్పిన్ సంగతి తెలిసిపోయింది. పేరు సరిగ్గా నోరు తిరగక వసపిట్ట దాన్ని రోజుకో రకంగా పలికేది. ఎలా పలికితేనేం, దొంగ దొరికాడు. ఇన్నేళ్ళూ తన మీద ఉన్న నేరం ఒక వేరు మీదికి బదిలీ అయిపోయింది. ఇక ఆయన నవ్వడమే తరువాయి.

గిడ్డంగివాళ్ళు మంచివాళ్ళే, చేదయ్యను స్టూలు దించి లోపల గోనె మూతులు కుట్టే పనిలో పెట్టారు. గేటు దగ్గర లారీలు ఇప్పుడు సాయంత్రం దాకా ఆగుతున్నాయి. ముందు కళ్ళు తిరగడం పోయింది. తర్వాత ముక్కు విడింది. ఒకరోజు భోజనం చేస్తూ ఆయన తలెత్తి, "ఈ గోడకి చెమ్మ వాసనొస్తోందే" అన్నాడు. ఆ గోడ ఏనాటి నుంచో అలాగే ఉంది, ఆవిడ నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నా ఆయన ముక్కుకు ఎక్కనే లేదు. ఆవిడ నవ్వింది. ఆయన కూడా నవ్వుతాడేమోనని చూసింది. ఆయన లేచి గోడ తడిమి వచ్చి, మళ్ళీ కంచం వైపు చూస్తూ కూర్చున్నాడు.

నిద్రలో మూలుగు కూడా పోయింది. దిగులు మాత్రం గుమ్మం దగ్గర కుక్కలా అక్కడే ఉంది.

"నవ్వాడా?" అని అక్క రోజూ అడిగేది, పసిపిల్లాడికి పన్ను వచ్చిందా అన్నట్టు.

"ఇంకా లేదక్కా. ఒంట్లో అంత ఊరిపోయిందంటే తేలిగ్గా దిగుతుందా?"

"ఎన్నాళ్ళు పడుతుందట?"

"ఒక్కొక్కరికి ఒక్కోలాగట" అని వసపిట్ట సొంతంగా కల్పించి చెప్పేది.

పైకి ధీమాగా చెప్పేది గానీ లోపల పీచుపీచుమంటూనే ఉంది. వేరు ఆయన ఒంట్లోంచి దిగిపోయినట్టు అన్ని గుర్తులూ కనిపిస్తున్నాయి. అయినా నవ్వు రాకపోతే? వేరు తప్పేం లేదని తేలితే ఇక మిగిలేదెవరు? ఆ సందేహం పుట్టినప్పటి నుంచి ఆవిడకు కునుకు పట్టలేదు, ముద్ద దిగలేదు. పొయ్యి మీద పాలు కాస్తున్నట్టు ఆయన మొహం కాపలా కాయడం మొదలుపెట్టింది. పేపరు చదువుతుంటే చూసేది, గడ్డం గీసుకుంటుంటే అద్దంలో చూసేది.

ఒక సెలవు రోజు ఆయన చెప్పులకు మేకు కొట్టుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు.

"నువ్వలా చూడకు."

"ఎలా చూశాను?"

"ఏదో పోగొట్టుకున్నదానిలా."

అంతే, ఆవిడకు కట్ట తెగింది. "పోగొట్టుకున్నాను కాబట్టే చూస్తున్నాను. మీకేం, మీరు హాయిగా మొహం వేలాడేసుకుని కూర్చుంటారు. మాట పడేది నేను. నేనొచ్చాకే మీ నవ్వు పోయిందని మీ అమ్మ అంటూనే ఉంది. పెళ్ళయిన ఏడాది అంది, మొన్న వెళ్ళినప్పుడూ అంది. ఆ డాక్టరమ్మ వేరు అన్నప్పుడు నాకు మళ్ళీ ప్రాణం వచ్చింది. ఇప్పుడు కూడా మీరు నవ్వకపోతే ఆ నేరం తిరిగి నా మీదికే వస్తుంది. నేను ఇంక మొయ్యలేనండీ, నా వల్ల కాదు."

చేదయ్య చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది.

"అమ్మ అలా అందా?"

"మీకు తెలీదా?"

"తెలీదు."

ఆయన మొహం పాలిపోయింది. చెప్పు పక్కన పెట్టి వీధిలోకి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ మర్నాడే చేదయ్య నవ్వాడు.

ఆవిడ దర్జీ కబురు ఏదో చెబుతోంది. "ఊఁ" వస్తుందనుకున్న చోట నవ్వు వచ్చింది. నిండుగా, గట్టిగా, పళ్ళు కనిపించేలా. వసపిట్ట చెబుతున్నది సగంలో మర్చిపోయింది. ఆ తర్వాత రోజూ నవ్వాడు. తనే గిడ్డంగి కబుర్లు తెచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రీ మిరియాల గోనె దగ్గర తుమ్మే తీరు చేసి చూపించాడు. అక్క వచ్చి కళ్ళారా చూసి, చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది. వసపిట్ట నేల మీద నడిచిందా ఆ రోజుల్లో? వంట చేస్తూ పాడుకునేది, పాడుకుంటూ ఉప్పు రెండుసార్లు వేసేది, దానికీ ఆయన నవ్వేవాడు.

ఇంక ఆగలేకపోయింది ఆవిడ. "మీ అమ్మ దగ్గరికి వెళ్దాం పదండి" అంది. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

అత్తగారు పెద్దకొడుకు దగ్గర, ఊరికి ఆ చివర మేడ మీది వాటాలో ఉండేది. వెళ్ళేసరికి ఆ ఇంట్లో వాళ్ళు బయటికి వెళ్ళారు, ముసలమ్మ ఒక్కతే ఉంది. చేదయ్య గుమ్మంలోనే మొదలుపెట్టాడు. మెట్లెక్కలేక ఆయాసపడినట్టు నటించాడు, తల్లి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు, మేస్త్రీ తుమ్ములు తుమ్మాడు, లారీ డ్రైవరు గొంతుతో తనను తానే తిట్టుకున్నాడు. ముసలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

"నా పిల్లాడు మళ్ళీ దొరికాడే" అంది.

తర్వాత కోడల్ని దగ్గరికి పిలిచింది. రెండు చేతులూ పట్టుకుంది. "నిన్ను ఇన్నేళ్ళూ ఆడిపోసుకున్నానమ్మా. నీ తప్పేం లేదు. అంతా ఆ పాడు వేరు చేసింది. మనసులో పెట్టుకోకు" అంది.

ఈ మాట కోసం వసపిట్ట పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎదురుచూసింది. ఈ మాట వింటే ఎగిరి గంతేస్తాననుకుంది. తీరా విన్నాక తల మాత్రం ఊపింది. ముసలమ్మ కళ్ళు తుడుచుకుని, కడుపుబ్బ నవ్వించావురా అంటూ, మొహం కడుక్కోవడానికి వెనక వసారా వైపు వెళ్ళింది.

వసపిట్ట సంతోషం పంచుకుందామని మొగుడి వైపు తిరిగింది.

ఆయన మొహంలో ఏమీ లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కళ్ళు నేల మీద ఉన్నాయి. రెండు చేతులతో దవడలు రుద్దుకుంటున్నాడు, బస్తా దించినవాడు భుజం రుద్దుకున్నట్టు. ఆవిడ చూస్తున్న సంగతి కూడా ఆయనకు తెలీదు. అంతలో వసారాలో కొళాయి కట్టేసిన చప్పుడైంది, ముసలమ్మ అడుగులు వినిపించాయి. ఆయన వెన్ను నిటారు చేశాడు. ముందు పెదవులు సాగాయి, తర్వాత బుగ్గలు లేచాయి, చివరికి కళ్ళు కూడా తయారయ్యాయి. ముసలమ్మ గది లోపల కాలు పెట్టేసరికి నవ్వు సిద్ధంగా ఉంది.

అది ఇంట్లో ఇన్నాళ్ళుగా తను చూసి మురిసిపోతున్న నవ్వే. ఏమాత్రం తేడా లేదు. అక్కడ ఇంకెంతసేపు కూర్చుందో, ఏం మాట్లాడిందో వసపిట్టకు గుర్తు లేదు.

కిందికి దిగి బస్సు స్టాపు దాకా నడిచారు. సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. చేదయ్య వీధి అవతల ఎవరో లావుపాటాయన గొడుగుతో పడుతున్న అవస్థ చూపించి, ఏదో అని నవ్వాడు.

"నా ముందు వద్దు" అంది వసపిట్ట.

"ఏంటి?"

"ఆ నవ్వు. చూశాను నేను. అత్తయ్య లోపలికెళ్ళినప్పుడు చూశాను."

నవ్వు ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. ఇలాంటి చోట ఇంకో కబురు ఎత్తుకోవడం ఆవిడకు అలవాటు, ఈసారి ఎత్తుకోలేదు.

చివరికి ఆయనే చెప్పాడు. "నాన్న పోయినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. అమ్మ అన్నం తినేది కాదు. నువ్వు నవ్వితేనే తింటాను అనేది. నవ్వేవాణ్ణి. అప్పటికే నాకు లోపల ఇలాగే ఉండేది. ఎందుకుండేదో నాకూ తెలీదు. పొద్దున లేస్తే ఇంకో రోజు మొయ్యాలా అనిపించేది. అయినా నవ్వేవాణ్ణి. అలా అలవాటైపోయింది, అందరి ముందూ అదే."

"వేరు కాదన్నమాట."

"కాదు. వేరు ఓపిక తీసేసింది. పెళ్ళయ్యాక అమ్మ దగ్గరకెళ్ళినప్పుడు నవ్వుదామనుకునేవాణ్ణి, చేతనయ్యేది కాదు. ఇప్పుడు ఒంట్లో సత్తువ వచ్చింది, మళ్ళీ చేతనవుతోంది."

"మరి నా దగ్గర? ఇంట్లో నాతో కూడా నవ్వలేదు కదా మీరు. అదీ ఓపిక లేకేనా?"

చేదయ్య తల అడ్డంగా తిప్పాడు. "నీ దగ్గర కావాలనే మానేశాను. పెళ్ళయిన కొత్తలో నువ్వేదో వాగుతూ కూర్చున్నావు. నేను ఊరికే వింటున్నాను. నవ్వకపోయినా నువ్వు అన్నం తిన్నావు. నా మొహం చూసి కూడా తిన్నావు. ఈ మనిషి దగ్గర మొయ్యక్కర్లేదు అనిపించింది. ఆ ఒక్క ఇంట్లోనే నేను ఊపిరి పీల్చుకున్నాను. అది నిన్నిలా పొడుస్తోందని నాకు తెలీదు. తెలిస్తే మొదటి రోజు నుంచీ నవ్వేవాణ్ణి."

వసపిట్ట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడ్చింది ఇన్నేళ్ళూ తను పడ్డ శిక్షకు కాదు. ఈ కొద్ది వారాలూ తను పొంగిపోయిన ప్రతి నవ్వు వెనకా ఆయన ఆ బరువును మళ్ళీ నెత్తికెత్తుకున్నాడు, అదీ తను ఏడిస్తే ఎత్తుకున్నాడు. లోకంలో ఆయనకున్న ఒక్క విశ్రాంతి చోటును తనే లాగేసుకుని, అక్కను పిలిచి మరీ పండగ చేసుకుంది. ఆ సంగతి తలుచుకుని ఆవిడ సిగ్గుతో కుంగిపోయింది.

"డాక్టరమ్మ మళ్ళీ రమ్మంది కదా, తేలిక పడకపోతే" అంది కళ్ళు తుడుచుకుని. "రేపు వెళ్దాం. ఈసారి నేను నోరెత్తను. నాకు చెప్పిందంతా ఆవిడకీ చెప్పండి."

"చెబితే ఏం చేస్తుంది?"

"ఏమో. దీనికీ మందుందేమో. లేకపోతే లేదు."

"అమ్మకి మాత్రం చెప్పకు. అంతా వేరు వల్లే అనుకోనీ."

"చెప్పను."

"అక్కడికి వెళ్ళినప్పుడు నవ్వాలి మరి."

"అక్కడ నవ్వండి. ఇంటికొచ్చాక వద్దు."

బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉంది. ఆయన ముందెక్కి, పైకడ్డీ పట్టుకుని, ఆవిడకు నిలబడ్డానికి చోటు చేశాడు. మొహం ఎప్పటిలాగే వేలాడిపోయింది, చూపు కిటికీ అవతల ఎక్కడో ఉంది. ముందు సీట్లో కూర్చున్న ముసలావిడ ఒకామె ఆ మొహం చూసి, వసపిట్టతో మెల్లగా, "ఏమ్మా, మీ ఆయనకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది.

"లేదండి. ఆయన అలాగే ఉంటారు" అంది వసపిట్ట.

అని, ఆయన పక్కకు ఇంకాస్త జరిగి నిలబడింది.